చెల్లెలి జబ్బు

మనసు బాగాలేదని చెల్లి అంటే డాక్టరమ్మ దగ్గరకు తోడు వెళ్లాను. ఎం.ఏ. చదివినదాన్ని, నాకెవరి తోడూ అక్కరలేదు. అది వేరే సంగతి.

“నిద్ర పడుతోందా అమ్మా?” అని డాక్టరమ్మ దాన్ని అడిగింది.

“మూడింటికే మెలకువ వచ్చేస్తుందండీ,” అన్నాను నేనే.

“ఏడుపొస్తుందా?”

“ఏడుపెందుకు? చిరాకు! తోమిన గిన్నెలే మళ్లీ తోమడం. పుస్తకం పట్టుకుంటే పేజీ తిరగదు.”

ఈ జవాబూ నాదే.

“దిగులు చిరాకుగా కూడా వస్తుంది. తగ్గిపోతుందిలెండి,” అంటూ డాక్టరమ్మ మందుచీటీ మీద రాయడానికి నా పేరడిగింది.

“నాదెందుకు?”

చెల్లి పకపకా నవ్వింది. “ఇవన్నీ నీ సంగతులే కదక్కా! నేను హాయిగా నిద్రపోతున్నాను. జబ్బు నీకే అంటే ఈ మెట్లెక్కేదానివా?”

ఎన్ని నెలలకో నాకూ నవ్వొచ్చింది. పేరు చెప్పాను, ఎం.ఏ.తో సహా.