గ్రాఫులో ఖాళీ

"మాట్లాడకండి రాజుగారూ, ఆయాసం పెరుగుతుంది. చెరువు గట్టు మీంచి నేరుగా కారెక్కండి."

"ఆయ్, అది కాదు మేడం గారండి, వాచీ..."

"వాచీ అబద్ధం చెప్పదండి. మీ గుండె లయ తప్పింది, బయల్దేరండి." మంజుష ఫోన్ పెట్టేసింది.

భీమవరంలోని ఆ ఆస్పత్రిలో బైపాస్ అయినవాళ్ల మీద పరిశోధన జరుగుతోంది. ఒక్కొక్కరి చేతికీ ఒక వాచీ కట్టి ఇంటికి పంపారు. ఇంట్లో వాళ్ల గుండె ఎలా కొట్టుకుంటోందో నర్సు మంజుష ట్యాబ్‌లో గీతగా కనిపిస్తుంది. వాచీ తీస్తే గీత తెగుతుంది. తెగితే మంజుషకు ఒళ్లు మండుతుంది.

రొయ్యల చెరువులున్న శివరామరాజు గీత రోజూ తెగేది. పోయిన వారం వీడియో కాల్‌లో భార్యాభర్తలిద్దర్నీ కలిపి కడిగేసింది.

"నీళ్లలో దిగితే తడిసిపోద్దండి" అని రాజుగారు నసిగారు.

"ఇంక ఖాళీ రాదమ్మా, నేను చూసుకుంటాను" అంది ఆయన భార్య వరలక్ష్మమ్మ, పైటచెంగుతో చెమట తుడుచుకుంటూ. అన్నట్టే ఆ తర్వాత గీత తెగలేదు.

అరగంటలో కారొచ్చింది. నడిచి వస్తానన్నా వినకుండా రాజుగారిని స్ట్రెచర్ ఎక్కించారు. ఆయన ఏదో చెప్పబోయారు. మంజుష ఆక్సిజన్ మాస్క్ పెట్టేసింది. కిందటి నెల ఇలాగే ఆలస్యమై ఒకాయన దక్కలేదు. ఈయన్నైనా దక్కించుకోవాలని ఆమె తాపత్రయం.

లోపల డాక్టర్ ఈసీజీ తీశారు. నమ్మకం కుదరక మళ్లీ తీశారు. బయటికొచ్చి, "ఆయన నిక్షేపంగా ఉన్నారమ్మా" అన్నారు.

మంజుషకు సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. ట్యాబ్ చూసింది. ఇందాకటిదాకా పిచ్చిగా ఎగిరిపడిన గీత ఇప్పుడు ఎగుడుదిగుడు లేకుండా తిన్నగా సాగుతోంది. ఎక్కడా తెగలేదు.

"వాచీ పాడైనట్టుంది సార్" అంటూ లోపలికెళ్లి, మాస్క్ తీసి, రాజుగారి చెయ్యి పట్టుకుంది. మణికట్టు బోసిగా ఉంది.

"వాచీ ఏదండి?"

రాజుగారు దొరికిపోయినట్టు నవ్వారు. "ఇందాకట్నించీ అదే చెబుదామనండి. మీరు చెప్పనిస్తేగా. గ్రాఫులో ఖాళీ వస్తే కోప్పడతారని, నేను చెరువుకెళ్లేటప్పుడల్లా..."

డాక్టరు వినకుండా గొంతు తగ్గించారు.

"మా ఆవిడ చేతికి పెట్టొస్తానండి."