పొలిట్ బ్యూరో అంటే

“అన్నా, పొలిట్ బ్యూరో అంటే అడవిల ఉంటదా? పిల్ల అండ్లకు పోతె మళ్ల అస్తదా?”

సిరిసిల్ల నుంచి వచ్చిన సుదర్శన్ ఇంకా చెప్పులైనా విడవలేదు. చెల్లెలు బాలమణి గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది. కోరుట్లలో వాళ్ల వాడకంతా ఆమె భయాలు తెలుసు. ఉరిమితే పిడుగు తన రేకుల మీదే అనుకుంటుంది. ఇంట్లో ఎవరైనా దగ్గితే మనసులోనే ఆస్పత్రి దాకా పోయి వస్తుంది.

ఈసారి భయం కూతురు మానస నోటుబుక్కులో దొరికింది. గ్రూప్స్ పరీక్షకు చదువుతున్న పిల్ల ఒక పేజీ నిండా ఆ మాట గురించే రాసుకుంది. ఏడో తరగతి దాకా చదివిన బాలమణి కూడబలుక్కుని చదివి, నిన్న బీడీలు చుడుతూ పక్కింటి వెంకటవ్వకూ పద్మకూ చెప్పింది. అన్నల కాలం, అంటే నక్సలైట్ల రోజులు చూసిన వెంకటవ్వ, కరీంనగర్ బస్సెక్కిన వాళ్లందరూ కరీంనగర్‌లోనే దిగరని గుర్తుచేసింది. ముగ్గురూ చాటలు పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నారు.

లోపల మానస బీరువా అంతా కిందేసి ఆధార్ కార్డు వెతుకుతోంది. అది లేకుంటే రేపు కరీంనగర్‌లో పరీక్ష రాయనివ్వరు. బస్సుకు గంట కూడా లేదు. పొద్దున బాలమణి కూడా వెతికింది. పరుపు ఎత్తింది, దేవుడి పటాల వెనక చూసింది. ఎక్కడా లేదని అందరికంటే ముందు ఆమే తేల్చింది.

మరమగ్గాల సంఘంలో ముప్పై ఏళ్లు తిరిగిన సుదర్శన్ నవ్వు ఆపుకుని చెప్పాడు. మాట రష్యా నుంచి వచ్చిందట. రాజకీయ కార్యాలయం అని అర్థమట. అడవిలో వాళ్లకే కాదు, పట్నంలో ఫ్యాను కింద కూర్చునే పార్టీలకూ ఉంటుందట.

“పెద్ద కమిటీ రోజూ కూసోదు గద చెల్లె. అందుకే దాంట్లకెళ్లి కొందరు కూసోని అందరి తరఫున నిర్ణయం జేస్తరు. మిగిలినోళ్లకు ఎనుక తెలుస్తది.”

“ఎవలి గురించి జేస్తరో ఆళ్లను అడుగరా?”

“అన్నిసార్లు అడుగరు.”

బాలమణి తల దించుకుంది. అప్పుడే మానస బయటికొచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“అమ్మా, నా ఆధార్ కార్డు నువ్వేమన్న జూసినవా?”

బాలమణి కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. సుదర్శన్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

“బియ్యం డ్రమ్ముల ఉన్నది బిడ్డా,” అంది చివరికి. “నిన్న మా పొలిట్ బ్యూరో ముగ్గురం కూసోని గట్ల నిర్ణయం జేసినం.”