తిమెక్ రూలు

ఎర్ర బక్కెట్టు నిండా నీళ్ళతో ఒక పెద్దాయన మా ట్రాక్ గేటు దాటి లోపలికొచ్చాడు.

నేలకి ఆనినట్టుండే బుల్లి రేసుబళ్ళ ట్రాక్ మాది. అక్టోబరు చివరి ఆదివారం, సీజన్‌లో ఆఖరి పందెం. పెద్దల పండగ దగ్గరపడి, పోలండ్ పోలండంతా బక్కెట్లు పట్టుకుని సమాధులు కడగడానికి పోతున్న రోజులు.

"శ్మశానం అటు, పెద్దాయనా. దారి తప్పినట్టున్నారు," అన్నాడు రాదెక్.

కుర్రాళ్ళు నవ్వారు. ఏటా ఎవరో ఒకరు ఆయన మీద ఈ జోకే వేస్తారు.

ఆయన నవ్వలేదు. "పందెం అయ్యాక అటే వెళ్ళాలి," అన్నాడు.

రాదెక్ సిటీ బస్సు డ్రైవరు. మా ట్రాక్‌కి ఈ ఏడే కొత్తగా వచ్చాడు. కూతురు కొర్నేలియా ఈ పందెం గెలిస్తే వచ్చే ఏడు ఫీజూ టైర్లూ క్లబ్బే చూసుకుంటుంది. ఓడిపోతే బండి అమ్మేయడమే. ఆ సంగతి పిల్లకీ తెలుసు. పొద్దున్నుంచి రొట్టె ముక్క ముట్టలేదు.

మా దగ్గర ఎవరి పెట్రోలు వాళ్ళు తెచ్చుకోకూడదు. క్లబ్బు పీపాలోంచి హలీనమ్మ కొలిచి పోస్తుంది. బంకులో కన్నా ధర ఎక్కువ. దీన్ని తిమెక్ రూలు అంటారు. ఆ పేరెందుకొచ్చిందో ఎవరూ అడగరు. తిట్టుకోవడానికి ఒక పేరుంది, అది చాలు.

"ఈ తిమెక్ ఎవడో గానీ, వాడి పొట్ట నిండా మన డబ్బే," అన్నాడు రాదెక్ డబ్బా పట్టుకుని. "పేరుకి పేదోళ్ళ పందెం. తాగేది మాత్రం రాజుగారి పెట్రోలు."

"నోరు మూసుకుని డబ్బా సరిగ్గా పట్టు," అంది హలీనమ్మ.

"వాడు కనబడితే ఈ గరాటు వాడి నోట్లోనే పెడతా."

"ఏం పేరన్నారు బాబూ?" పక్కనుంచి పెద్దాయన అడిగాడు.

"తిమెక్. ఏం, మీకు చుట్టమా?"

ఆయన కళ్ళు మూసుకుని కాసేపు అక్కడే నిలబడ్డాడు.

రాదెక్ ఆ పెట్రోలు తీసుకెళ్ళి వ్యాన్‌లో దాచేశాడు. ట్యాంకులోంచి నమూనా తీసి పరీక్ష చేసేది ఫైనల్ అయ్యాకే. అంతకుముందు టైం చూసే పరుగు ఒకటుంటుంది. అందులో ఎవరు వేగంగా వస్తే ఫైనల్లో ముందు వరస వాళ్ళది. బైకు పందేలాడే స్నేహితుడొకడు అతనికి మిథనాల్ అనే స్పిరిటు ఊరికే ఇచ్చాడు. దాంతో ఇంజన్ పులిలా పరిగెడుతుందని కూడా చెప్పాడు. రాదెక్ దాన్నే ట్యాంకులో పోశాడు.

"వాసన తేడాగా ఉంది నాన్నా," అంది కొర్నేలియా.

"గెలుపు వాసన అలాగే ఉంటుందమ్మా. ఎక్కు."

వ్యాన్ పక్కకొచ్చిన పెద్దాయన గాలి పీల్చాడు. మొహం పాలిపోయింది.

"బాబూ, పిల్లని దించండి."

"ఎదుటి జట్టు మనిషివా?" రాదెక్ గొంతు తగ్గించాడు. "మర్యాదగా వెళ్ళిపో."

"మీకు దణ్ణం పెడతాను, దించండి."

బండి కదిలిపోయింది. ఆయన ఇంకా ఏదో అరిచాడు గానీ ఇంజన్ల హోరులో ఎవరికీ వినపడలేదు. బక్కెట్టు తీసుకుని, బళ్ళు తిరిగొచ్చే చోట కంచె పక్కన నిలబడ్డాడు.

కొర్నేలియా అందర్నీ మించి తోలింది. ఎండ ఫెళఫెళా కాస్తోంది. బండి వచ్చి ఆగింది. పిల్ల సీట్లో మెలికలు తిరుగుతూ చేతులు ఊపుతోంది.

"చూశారా, కూర్చునే డాన్సు చేస్తోంది నా తల్లి!" రాదెక్ చప్పట్లు కొట్టాడు. మేమూ కొట్టాం.

పెద్దాయన కంచె దూకాడు. పరిగెత్తుకొచ్చి బక్కెట్టెడు నీళ్ళూ పిల్ల మీదా ఇంజన్ మీదా గుమ్మరించాడు.

ఇంజన్ బుస్సుమని ఆగిపోయింది.

రాదెక్ కొట్టిన దెబ్బకి ఆయన నేల మీద పడ్డాడు. "ఎవడు పంపాడ్రా నిన్ను? ఏడాది కష్టం నీళ్ళపాలు చేశావు కదరా."

"ముందు పిల్ల సూటు విప్పండి," అన్నాడాయన పడ్డచోటి నుంచే.

కుర్రాళ్ళు ఆయన్ని రెక్కలు పట్టి గేటు అవతలికి తోసేశారు.

కొర్నేలియా హెల్మెట్ తీసింది. వెక్కి వెక్కి ఏడుస్తోంది. "మంట నాన్నా, వీపు మంట. ఎంత అరిచినా నీకు వినపడలేదు."

హలీనమ్మ సూటు విప్పింది. వీపు దగ్గర గుడ్డ మాడి, పొడిపొడిగా చేతికొచ్చింది. లోపల చర్మం ఎర్రగా కందింది. అంతటితో సరిపోయింది, దేవుడి దయ.

గొట్టం చీలి, మిథనాల్ కారి, కాలే సైలెన్సర్ మీద పడి అంటుకుంది. పట్టపగలు ఆ మంట కంటికి కనబడదు.

రాదెక్ గేటు దాకా పరిగెత్తాడు. శ్మశానం వైపు వెళ్ళే బస్సు అప్పటికే మలుపు తిరిగిపోయింది.

వెనక్కొచ్చేసరికి హలీనమ్మ ఎర్ర బక్కెట్టు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరాయన? మీకు తెలుసా?"

"తెలుసు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెబితే ఆ పేరు పలకడం మానేస్తారట. తిట్టినా సరే, ఆ పేరు వినబడే చోటు ఆయనకి లోకంలో ఇదొక్కటే."

"ఏ పేరు?"

"తిమెక్. నీ పిల్లకన్నా చిన్నవాడు. ఇక్కడే, ఇలాగే మెలికలు తిరిగాడు. డాన్సు చేస్తున్నాడని మేమంతా చప్పట్లు కొట్టాం."

రాదెక్ కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు. 

"వాడి ట్యాంకులో అది పోసిందెవరు?"

"వాళ్ళ నాన్న," అంది హలీనమ్మ. "ఇందాక నీ చేతి దెబ్బ తిని, కొడుకు సమాధి కడగడానికి ఆ బస్సెక్కి వెళ్ళాడు."