యజమాని సంతకం

మానేరు వాగు పొంగి ఎనిమిది సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్డులోకి మోకాళ్ల మట్టుకు నీళ్లొచ్చిన ఏడాది అది. నీళ్లు పోయిన మూడు నెలలకు, గోడల మీద బురద చారలు ఇంకా చెరిగిపోకముందే, సంపత్ సాంచా బంద్ చేసి షెడ్డు సేటు రాయమల్లు ముందుకొచ్చి నిలబడ్డాడు. పదమూడేండ్లుగా అక్కడే బట్ట నేస్తున్నవాడు.

"సేటూ, నాకు కాయితం కావాలె."

"ఏం కాయితం?"

"నీ దగ్గర పనిచేస్తున్న అని. కొత్త లేబర్ కోడ్‌లు వచ్చినయి. ఎంత చిన్న షెడ్డయినా ఇయ్యాల్నట."

"కోడ్ అంటే?"

"పాత చట్టాలన్ని కలిపి నాలుగు మూటలు కట్టిండ్రట. అండ్ల మనదొకటి."

రాయమల్లు తువ్వాలతో కుర్చీ దులుపుకొని కూర్చున్నాడు. "పదమూడేండ్ల సంది నా మొకం చూస్తున్నవ్. మొకం కంటె కాయితం ఎక్కువనా?"

"దవాఖాన కార్డుకు నీ మొకం చెల్తలేదు, సేటు."

నూలు కండెలు చుడుతున్న నవత, అవతలి సాంచా మీది మొండయ్య కిసుక్కున నవ్వారు. నవత పక్కనే కండెలు చుడుతున్న రాయమల్లు భార్య ఐలవ్వ మాత్రం తల ఎత్తలేదు.

"కాయితం ఇస్తే రేపు ఎనిమిది గంటలే చేస్త అంటవ్. ఎల్లుండి ఐతారం తాతిల్, సెలవియ్యి అంటవ్."

"రెండూ అండ్లనే రాసున్నయి."

"అయితె నా సంతకం పడది."

"రేపటి సంది మేం గూడ రాం. నేను, నవత, మొండయ్య. వేరే షెడ్డోళ్లు కాయితం ఇచ్చి మరీ పిలుస్తుండ్రు."

రాయమల్లు గోడ మీది క్యాలెండర్ దిక్కు చూశాడు. పది రోజుల్లో బడిపిల్లల యూనిఫాం బట్ట ఇవ్వాలి. ముగ్గురూ పోతే సాంచాలన్నీ పడావు పడతాయి. కానీ అన్న మాట వెనక్కి తీసుకుంటే ఇరవై ఏండ్ల సేటుగిరీ ఏమైపోవాలి? మీసం దువ్వుకున్నాడు.

ఐలవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంటూ లేచింది.

"సంపత్, ఫారాలు తెచ్చినవా?"

"మూడు తెచ్చిన, అక్కా."

"ఇంకోటి తే."

రాయమల్లు పకపకా నవ్వాడు. "నీకు గూడనా? పెండ్లానికి నౌకరి కాయితం రాసిచ్చిన మొగోడు గీ బజార్ల ఉన్నడా?"

"ఐతారం ఒక్కపూట కాళ్లు సాపుకుంట అంటె ఎన్నడన్న విన్నవా?" అంది ఐలవ్వ.

"రాసుకోండ్రి, ఎన్నన్న రాసుకోండ్రి. యజమాని సంతకం లేని కాయితం పల్లీలు కట్టనీకి పనికొస్తది."

మరునాడు పొద్దున్నే, తమాషా చూద్దామని వక్క నములుతూ షెడ్డుకు వచ్చాడు. లోపల సాంచాలు దడదడలాడుతున్నాయి. ముగ్గురూ పనిలో ఉన్నారు. రాయమల్లు వెళ్లి సంపత్ జేబులోని కాగితం లాగి చూశాడు. కింద యజమాని గడిలో సంతకం ఉంది.

"గీ సంతకం ఎవలు పెట్టిండ్రు?"

ఐలవ్వ నాలుగో ఫారం అతని ముందుకు జరిపింది. దాని మీద ఒక పాత బ్యాంకు కాగితం పెట్టింది. సాంచాలు కొన్ననాడు, ఆడవాళ్ల పేరు మీదైతే సబ్సిడీ ఎక్కువని రాయమల్లే దగ్గరుండి ఐలవ్వ పేరున రాయించిన కాగితం.

దాన్ని చాలాసేపు చదివాడు. నోట్లోని వక్క నమలడం మరిచిపోయాడు.

"ఐతారం తాతిల్... నాక్కూడనా?" మెల్లగా అడిగాడు.

"అండ్ల రాసున్నది, చూసుకో."

రాయమల్లు కార్మికుడి గడిలో సంతకం పెట్టాడు.