మాస్టారి ఎర్రగీతలు

"అమ్మాయ్, నేను కొట్టిన అక్షరం తెర మీదకి వచ్చేలోపు కాఫీ చల్లారిపోతోంది. ఇక కాగితం మీదే రాసుకుంటాను," అన్నారు మావయ్య.

ఆయన రిటైరైన తెలుగు మాస్టారు, పిల్లలకి వ్యాకరణ పుస్తకం రాస్తున్నారు. ఆయన కంప్యూటర్లో రాసుకునే ఎడిటర్ ప్రోగ్రామ్‌ని కోడలే తయారుచేసింది. దాన్ని వాడే మనిషి ఆయనొక్కరే. ఆయనా మానేస్తే దుకాణం కట్టేయాల్సిందే.

ఏ పనికి ఎంతసేపు పడుతోందో ఆమె కొలిచి చూసింది. అక్షరం పడ్డప్పుడల్లా తప్పులు వెతకడానికి ఎడిటర్ నిఘంటువు మొత్తం మళ్లీ మొదటినుంచి చదువుతోంది. సగంలో ఉండగానే ఇంకో అక్షరం పడుతోంది. ఒక్కసారే చదివి గుర్తుపెట్టుకునేలా మార్చేసింది.

"ఇప్పుడు కొట్టండి మావయ్యా."

అక్షరాలు పరుగెత్తాయి. వాటి వెనకే, సగం మాటల కింద ఎర్రగీతలు పడ్డాయి.

మావయ్య కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. "ఏం చేశావమ్మా దీన్ని? నిన్నటిదాకా నా రాతలో ఒక్క తప్పూ లేదు."

నిన్నటిదాకా వెతకడమే పూర్తికాలేదని చెప్పడానికి కోడలికి నోరు రాలేదు. "నిఘంటువు కాస్త కఠినంగా ఉన్నట్టుంది మావయ్యా," అంది.

"కఠినమా? అంతా తప్పులతడక," అన్నారాయన జాలిగా. "ఆ నిఘంటువు తెరిచి ఇలా ఇవ్వు, దిద్దిపెడతాను."