గుట్ట కింది జాగ

బిజినేపల్లి అవతల ఆ ఊళ్లో సర్పంచ్ పదవి ఈసారి ఎస్టీ మహిళకు రిజర్వయింది.

ఊరంతా గాలిస్తే ఎస్టీ గడప ఒక్కటే. గుట్ట కింద గంపలల్లుకునే ఎరుకల ఈదమ్మది. మొగుడు వలసెళ్లిన చోటే చనిపోయాడు, పిల్లల్లేరు.

ఇంక పోటీ ఎవరు? ఈదమ్మ ఏకగ్రీవం.

పంచాయతీ ఆఫీసు కుర్చీలో మాత్రం ఉపసర్పంచ్ తిరుపతయ్య కూర్చున్నాడు. సర్పంచ్ గారు గోడవారగా కింద కూర్చున్నారు. చాయ్ ఆమె దాకా రాకముందే అయిపోయేది.

చెప్పినచోటల్లా సంతకం పెట్టేది. ఒక్కచోట తప్ప.

"గుట్ట కింది సర్కారు జాగల చెత్త డంపింగ్ యార్డు పెడ్తున్నం. సంతకం పెట్టు," అన్నాడు తిరుపతయ్య.

"పెట్ట పటేలా. ఆ జాగ బొందలగడ్డకు రాయుండ్రి."

"ఉన్నదే ఒక్కదానివి. నీకో బొందలగడ్డనా!"

అందరూ గొల్లున నవ్వారు.

"నాకు కాదు పటేలా. ఆడ ఏముందంటే..."

"నోర్మూయ్! రిజర్వేషన్ పుణ్యాన సర్పంచ్‌వైనవ్. మా అమ్మ ఉంటే నిన్ను గడప తొక్కనియ్యకపోతుండె."

"అవును, ఎన్నడు తొక్కనియ్యలే," అంది ఈదమ్మ మెల్లగా.

ఆనాటి నుంచి ఊళ్లో ఆమెను పలకరించినవాళ్లు లేరు. అయినా రోజూ వచ్చి గోడవారగా కూర్చునేది. నాలుగు మాటలు చెవిన పడతాయని కాబోలు, పాపం.

వానాకాలంలో రావడం మానేసింది. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. మేకలు కాసే మాసయ్య గుడిసెలోకి తొంగిచూసి చెబితే గానీ పోయిందని ఊరికి తెలియలేదు.

ఏ కులం బొందలగడ్డలోనూ ఆమెకు చోటు దొరకలేదు.

"అంత పట్టు పట్టింది గదా, ఆ జాగలనే పెట్టుండ్రి," అన్నాడు తిరుపతయ్య.

తీరా వెళ్లి చూస్తే అక్కడ ఒక సమాధి ఉంది. చుట్టూ రాళ్లు పేర్చి, అలికి, పూలు పెట్టి ఉంది. పూలు వాడిపోయాయి.

"ఈదమ్మకు ముందూ వెనకా ఎవ్వరు లేరు గదరా. ఈ సమాధి ఎవరిది?" అన్నాడు తిరుపతయ్య.

ట్రాక్టర్ నడిపే బాలరాజు తల దించుకున్నాడు.

"కరోనాల నువ్వు దవాఖానల ఉంటివి పటేలా. టౌన్‌ల కాల్చిన్రని నీకు అబద్ధం చెప్పినం. ముట్టుకోనీకె మాకు భయమై, ఈడ దించి ఉరికినం."

"ఎవర్నిరా?"

"మీ అమ్మను పటేలా... తానం చేయించి, తన చీర కప్పి, ఒక్కతే గుంత తవ్వి మట్టి చేసింది గీ ఈదమ్మనే."