రెండు ఖాళీలు

"నాకు తండ్రిని నేనేనా?" అన్నాడు సింగయ్య, చేతిలోని కార్డును వెలుతురుకు పట్టి చూస్తూ.

జగన్నాథరావు ముఖం కందిపోయింది. తెనాలిలో కంప్యూటర్ సెంటర్ తెరిచాక ఆయనకు దొరికిన పెద్ద పని ఇది. రేపల్లె మత్స్యకారుల సంఘం ఫ్లాపీల్లో పంపిన సభ్యుల వివరాలను డేటాబేస్‌లోకి ఎక్కించి, అందరికీ బీమా కార్డులు అచ్చువేసి ఇవ్వాలి. వాటికోసమే సంఘం ప్రెసిడెంటు సింగయ్య పొద్దున్నే రైలెక్కి వచ్చాడు.

"పేరేమో ఉత్త కొక్కిలిగడ్డ. అది మా ఇంటిపేరండి. తండ్రి పేరు సింగయ్య, అంటే నేనే. వయసు దగ్గర మా నాన్న వెంకటేశ్వర్లు. ఊరు నలభై ఆరు! ఈ కార్డు చూస్తే వల్లో చేపలు కూడా నవ్వుతాయండి."

"సారా! ఏంటమ్మా ఇది?" అని కేకేశాడు, కంప్యూటర్ ముందున్న అమ్మాయిని.

"ఫ్లాపీల్లో టెక్స్ట్ అలా ఉంది సార్," అంది సారా. "వివరానికీ వివరానికీ మధ్య ఒకరు కామా పెట్టారు, ఒకరు చుక్క, ఒకరు గీత. కొందరైతే ఏమీ పెట్టలేదు. ఖాళీ ఉన్నచోట తెంపమంటే ప్రోగ్రాం ఇంటిపేరునీ మనిషినీ కూడా విడదీస్తోందండి."

"రేపు తెల్లారితే మా పడవలు వేటకు దిగుతాయి," అన్నాడు సింగయ్య. ఈసారి గొంతులో నవ్వు లేదు. "కార్డు లేనోడికి సముద్రం మీద ఏదన్నా అయితే ఇంటోళ్లకు దిక్కుండదు. సాయంత్రం రైలుకు ఇస్తారా, ఫ్లాపీలు గుంటూరు పట్టుకెళ్లమంటారా?"

"ఇస్తామండీ, ఇస్తాం! ఏమ్మా, ఎక్కడబడితే అక్కడ అన్నేసి ఖాళీలు వదిలారు కదా, ఆ చెత్తంతా ఊడ్చేశావా?"

"మీరు చెప్పినట్టే అన్నిటికంటే ముందు అదే చేశాను సార్. ఎన్ని ఖాళీలున్నా ఒకటికి కుదించేశా..."

మాట మధ్యలోనే ఆగిపోయింది సారా. గబగబా ఒక ఫ్లాపీ పెట్టి, ఊడ్చకముందు టెక్స్ట్ ఎలా ఉందో అలాగే ఒక పేజీ అచ్చు తీసింది. బల్లమీది చెక్క స్కేలు తీసి మొదటి వరుస కింద పెట్టింది. అది వాళ్ల నాన్నది. రేపల్లెలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన వరప్రసాదం మాస్టారు మొన్న ఈస్టరుకు ముందు పోయారు. ఇంట్లోంచి సారా తెచ్చుకున్నది ఆ స్కేలు ఒక్కటే.

కొక్కిలిగడ్డకూ సింగయ్యకూ మధ్య ఒక ఖాళీ. సింగయ్య తరవాత కామా, ఆపైన రెండు ఖాళీలు. ఇంకో ఊరి పేజీ తీసింది. చుక్క, రెండు ఖాళీలు. మరొకటి. గీత, రెండు ఖాళీలు. ఏ గుర్తూ లేనిచోట కూడా రెండు ఖాళీలు మాత్రం ఉన్నాయి.

"సింగయ్య బాబాయ్, మీ సంఘం ఆఫీసులో ఇవన్నీ టైపు కొట్టిందెవరు?"

"ఇంకెవరమ్మా? మీ నాన్నగారి దగ్గర టైపు నేర్చుకున్నోళ్లే."

సారా కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో రుద్దుకుంది. ఒక వివరం ముగిస్తే రెండు ఖాళీలు. అది మాస్టారి పట్టుదల. కామా మరిచిపోతే ఊరుకునేవారు. రెండో ఖాళీ మరిచిపోతే "చెయ్యి చాపు" అనేవారు. స్కేలు కణుపుల మీద పడేది. కూతురని ఒక దెబ్బ తగ్గించిన పాపాన పోలేదు.

"సార్, మనం ఊడ్చేసింది చెత్త కాదండి. పొలాల మధ్య గట్లు!"

ఊడ్చే వరుసను ప్రోగ్రాంలోంచి తీసేసింది. రెండు ఖాళీలున్న చోటే తెంపమని రాసింది. ప్రింటరు కీచుమంటూ ఒక కార్డును బయటికి నెట్టింది. సింగయ్య దాన్ని లాక్కుని పైకి చదివాడు.

"కొక్కిలిగడ్డ సింగయ్య. తండ్రి వెంకటేశ్వర్లు. వయసు నలభై ఆరు. ఊరు అడవులదీవి. హమ్మయ్య! మా నాన్నకు మళ్లీ కొడుకునయ్యానమ్మా!"

ఆ తరవాత ఇక ఆగలేదు. ఫ్లాపీ వెనక ఫ్లాపీ, ఊరి వెనక ఊరు, ఎవరి తండ్రికి వాళ్లు, ఎవరి ఊళ్లో వాళ్లు చక్కగా సర్దుకున్నారు. జగన్నాథరావు మిరపకాయ బజ్జీలు తెప్పించి, "మా సారా సంగతి మీకు ముందే చెప్పలా?" అన్నాడు. "చెప్పలేదండి," అన్నాడు సింగయ్య బజ్జీ నములుతూ.

చివరి ఫ్లాపీ దగ్గర బండి ఆగింది. ఒక్క ముక్కా తెగలేదు. మనిషీ, తండ్రీ, వయసూ, ఊరూ అంతా ఒకే గడిలో ఇరుక్కుని కూచున్నారు.

"ఇందులో రెండో ఖాళీ అన్నదే లేదు సార్," అంది సారా. "చిన్న ఊరేలెండి. చేత్తో సర్దేస్తాను."

సర్దేసింది. వరుస వరుసకూ తానే రెండో ఖాళీ పెట్టుకుంటూ పోయింది. రైలుకు ఇంకా వ్యవధి ఉండగానే ఆఖరి కార్డు కూడా సింగయ్య సంచిలో పడింది.

"అన్నీ అయ్యాయి సరే," అన్నాడు జగన్నాథరావు, "ఆ ఆఖరిది కొట్టిన శుంఠ ఎవడండీ? మాస్టారి గడప తొక్కని వాడెవడో అయి ఉంటాడు."

సింగయ్య సంచి మూతికి తాడు బిగించి తలెత్తాడు.

"అలా అనకండి. కొట్టేవాళ్లు చాలట్లేదని తెలిసి, ఒంట్లో బాగోకపోయినా మాస్టారే వచ్చి కూచున్నారు. అది ఆయన కొట్టిందేనండి."

జగన్నాథరావు నాలిక కరుచుకున్నాడు. సారా తెర మీది వరుసలను కిందిదాకా చూసింది. తరవాత చెక్క స్కేలు చేతిలోకి తీసుకుని, కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ, కీబోర్డు అంచు మీద మెల్లగా ఒక్కటి వేసింది.

"చెయ్యి చాపు, నాన్నా!"